ఘారాపురి గుహలు – పోయిన శాసనము

ఢిల్లీ నగరమున సరాయి యను పేరుగల పల్లెలు పెక్కు కలవు. బేర్ సరాయ్ వానిలో నొకటి. సరాయి యనగా బాటసారుల విడిది. ఉద్యోగరీత్యా ఇట్టి విడిదులలో కాపురముండు ఆంధ్రులకు, సెలవులు దొరికినంతనే దేశాటనముమీద మనసు పోవుట సహజము. ముంబయి చేరిన యాత్రికులు గేట్‌వే ఆఫ్ ఇండియా యొద్ద పడవ నెక్కి, ఎలిఫెంటా ద్వీపమును చూచివచ్చుట పరిపాటి. సుమారు పది కిలోమీటర్ల సముద్రము, గంటసేపటి ప్రయాణము.

ద్వీపముయొక్క దేశీయనామము ఘారాపురి. రేవుచెంత నొక పెద్ద రాతియేనుగు ఉండెడిది. దానినిబట్టి పోర్చుగీసువారు ఈ ద్వీపమునకు ఎలిఫెంటా యని పేరిడిరి. 1864లో ఆ యేనుగును ఇంగ్లండునకు తరలింపబూనగా, ఎత్తుచుండగనే అది క్రిందపడి ముక్కలయ్యెను. 1914లో ఆ ముక్కలను తిరిగి కూర్చిరి. నేడది ముంబయిలోని జిజామాతా ఉద్యానమున నున్నది. ద్వీపమునకు పేరిచ్చిన యేనుగు ద్వీపమున లేదు!

ఇచ్చటి గుహలు అలలు తొలిచినవి కావు. మనుష్యులు ఉలితో కొండను తొలిచి నిర్మించినవి. కృష్ణాతీరమున ఉండవల్లి గుహలను చూచిన తెలుగువారికి ఈ పని క్రొత్తగాదు. ప్రధానగుహలో బారులు తీరిన స్తంభములు, నాలుగు వాకిండ్లుగల లింగాలయము, ప్రతి వాకిటను ద్వారపాలకులు కలరు. గోడలపై గంగాధరుడు, అర్ధనారీశ్వరుడు, నటరాజు, కైలాసమునెత్తు రావణుడు, పార్వతీకల్యాణము మున్నగు శిల్పములు చెక్కబడియున్నవి. వెనుకగోడ నడుమ త్రిముఖ సదాశివమూర్తి. ఎత్తు మనిషికి మూడు రెట్లకు పైబడును. ఒక ముఖమున రౌద్రము, ఒకదాన లాలిత్యము, నడుమ ముఖమున ప్రశాంతి. అనేక శిల్పముల క్రిందిభాగములు విరిగియున్నవి. 1563 నాటికే ఈ గుహలు పశువులవలన పాడైనవని గార్సియా ద ఓర్తా యను వైద్యుడు వ్రాసియున్నాడు.

ఇంతటి కట్టడమును నిర్మించిన ప్రభువెవ్వడు? 17వ శతాబ్ది తొలినాళ్ల పోర్చుగీసు చరిత్రకారుడు దియోగో దో కూటో ఒక విషాదవార్త తెలిపినాడు. గుహద్వారమున అక్షరములుగల రాయి యొకటి యుండెననియు, ఇచ్చటి పండితులెవ్వరును దానిని చదువలేకపోయిరనియు, పిమ్మట దానిని పోర్చుగల్ రాజునకు పంపిరనియు, అచ్చటను చదువగలవారు దొరకలేదనియు ఆతడు వ్రాసెను. ఆ రాయి మరల కానరాలేదు.

శాసనము పోగా, మిగిలినది ఊహ. కొందరు ఈ గుహలను చాళుక్యుల కృతి యనిరి; కొందరు రాష్ట్రకూటుల దనిరి. 6వ శతాబ్దిలో నేలిన కలచురి కృష్ణరాజు నాణెములు ద్వీపమున దొరకుటచే, ఆతని కాలమున నిర్మితమైనదని నేడు పెక్కుమంది పండితుల అభిప్రాయము.

ఈ కథతో తెలుగువారికేమి సంబంధమను సందేహము కలుగవచ్చును. 634 నాటి ఐహోళె శాసనమున రవికీర్తి, రెండవ పులకేశి విజయములను వర్ణించెను. పులకేశి కొంకణమున మౌర్యులనణచి, పశ్చిమసముద్రతీరమున పురి యను పట్టణమును వందలకొలది ఓడలతో ముట్టడించెనని అందున్నది. ఆ పురి ఘారాపురియేయని కొందరందురు, కాదని కొందరు. ఆ శాసనమే మన పిష్ఠపురమును, అనగా పిఠాపురమును, పులకేశి గెలుచుటను గూర్చియు చెప్పుచున్నది. ఆతని తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనునితో వేంగి చాళుక్యవంశము వెలసినది. ఆ వంశపు రాజరాజనరేంద్రుని ఆస్థానముననే నన్నయ తెలుగు భారతమునకు శ్రీకారము చుట్టెను. ఐహోళె శిల కదలక నిలిచినది గనుక మన చరిత్రలో నొక ఘట్టము మనకు దక్కినది.

మరియొక నిదర్శనము ఢిల్లీలోనే యున్నది. 14వ శతాబ్దిలో ఫిరోజ్ షా తుగ్లక్ తోప్రానుండి అశోకస్తంభమును తెప్పించి తన కోటలో నిలిపెను. దానిపై వ్రాతను నాటి పండితులు చదువలేకపోయిరి. అయినను స్తంభము నష్టపడలేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీలిపి రహస్యమును ఛేదించి ఆ వ్రాతను చదివెను. ఘారాపురి శిలయు నిలిచియుండినచో, దానికిని నొక పాఠకుడు దొరకియుండెడివాడే. నాడు చదువరాకపోవుట దోషము కాదు. చదువరాని దానిని కాపాడకపోవుటయే తీరని నష్టమయ్యెను.

1987లో ఎలిఫెంటా ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తింపబడెను. 2018లో సముద్రగర్భపు తీగలద్వారా ద్వీపమునకు విద్యుత్తు వచ్చెను. అచ్చటి శిల్పములకు కాపలాదారులున్నారు. మన పల్లెల దేవాలయములలో సున్నము పొరలక్రింద అణగిన అక్షరశిలలకు కాపలా ఎవ్వరు? సెలవులలో స్వగ్రామమునకు పోవువారు అట్టి రాయి కనబడినచో ఛాయాచిత్రము తీసి, మైసూరులోని పురావస్తుశాఖవారి శాసనవిభాగమునకు తెలుపవచ్చును. పని స్వల్పము. కాని ఘారాపురిలో ఆ స్వల్పకార్యము చేయువారు లేకుండిరి.