అస్థి నిమజ్జనం

దహన సంస్కారం తరువాత మిగిలిన ఎముకలను, బూడిదను పవిత్ర జలాల్లో కలిపే హిందూ అపరకర్మను అస్థి నిమజ్జనం అంటారు. చితి చల్లారాక, ఆచారాన్ని బట్టి సాధారణంగా రెండో రోజునో మూడో రోజునో కర్త, అంటే కర్మ చేసే వ్యక్తి, బూడిదపై పాలూ నీళ్లూ చిలకరించి, పాదాల వైపు నుంచి మొదలుపెట్టి చివరగా తల వైపు ఎముకలను ఏరి, కొత్త మట్టికుండలో ఉంచి మూతికి గుడ్డ కడతాడు. దీనికే అస్థి సంచయనమని పేరు. తెలుగువారు గోదావరి తీరాన రాజమహేంద్రవరం, ధర్మపురి, కాళేశ్వరం, కృష్ణా తీరాన విజయవాడ, బీచుపల్లి వంటి చోట్లకు వెళ్తారు. వీలున్నవారు కాశీకో ప్రయాగకో తీసుకువెళతారు.

స్థలనిర్ణయంలో సంప్రదాయం ఎంత బలమైనదైనా మరణించినవారి కోరికకే పెద్దపీట వేయడం న్యాయం. జవహర్‌లాల్ నెహ్రూ తన చితాభస్మంలో పిడికెడు అలహాబాదు వద్ద గంగలో కలిపి, అధికభాగాన్ని రైతులు చెమటోడ్చే పొలాలపై విమానం నుంచి చల్లాలని 1954 నాటి వీలునామాలో కోరగా, 1964లో ఆయన మరణానంతరం అలాగే చేశారు.

విదేశాల్లోని తెలుగువారు అస్థికలను స్వదేశానికి తేలేనప్పుడు స్థానిక జలాలను ఆశ్రయిస్తున్నారు. అమెరికా తీరంలో సముద్రంలో కలపదలిస్తే ఒడ్డు నుంచి కనీసం 3 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 5.5 కిలోమీటర్ల దూరం వెళ్లాలి. కలిపిన తరువాత 30 రోజుల్లోగా ఆ దేశ పర్యావరణ పరిరక్షణ సంస్థకు తెలియజేయాలి. ప్లాస్టిక్ పూలదండలను నీటిలో వదలరాదు.