కృష్ణజింక ఛాయాచిత్రణ: నెల్లూరు తీరం నుంచి నల్లమల ఆవలి బయళ్ల దాకా

కృష్ణజింక ఛాయాచిత్రణ అంటే ఆ జంతువును అది మేసే, పరుగెత్తే, జతకట్టే చోటనే, దాని బతుక్కి అడ్డు రాకుండా ఫొటో తీయడం. జంతు ప్రదర్శనశాలలో తీసినవీ, తరిమి పరుగెత్తించి తీసినవీ ఈ కోవలోకి రావు. దట్టమైన అడవిలో తిరిగే దుప్పి, కణితులను తీయడం ఒక పద్ధతి, బయలు నేల మీది కృష్ణజింకను తీయడం పూర్తిగా మరో పద్ధతి. ఉత్తర అమెరికా గడ్డిమైదానాల్లో ప్రాంగ్‌హార్న్‌ను తీసేవారికి ఎదురయ్యే చిక్కులే ఇక్కడివారికీ ఎదురవుతాయి. ఈ రెండు జంతువులకూ దగ్గర చుట్టరికం లేదు. ప్రాంగ్‌హార్న్ తన కుటుంబంలో మిగిలిన ఒకే ఒక్క జాతి, కృష్ణజింక ఆవు, మేకల కుటుంబానికి చెందినది. అయినా రెండింటికీ చూపే కాపలా, పరుగే కోట. చాటు లేని నేల మీద మనిషిని అవి ముందే పసిగడతాయి.

ఈ ప్రయాణానికి బయలుదేరే చోటుగా బోగోలు మండలాన్ని తీసుకుందాం. అది నెల్లూరు జిల్లా తీరాన, కావలికి దక్షిణంగా, జాతీయ రహదారి మీద ఉంది. రైలు ప్రయాణికులకు బిట్రగుంట పేరుతో, మత్స్యకారులకు జువ్వలదిన్నె పేరుతో తెలిసిన ప్రాంతమే ఇది. సముద్రం పక్క సరుగుడు తోటలు, ఉప్పునీటి కాలువలు, రొయ్యల చెరువులు. లోపలికి వస్తే వరి, మెట్ట పొలాలు. ఈ మండలంలో అభయారణ్యం లేదు. జింకలను తీయాలనుకునే బోగోలువాసి పడమటి దారి పట్టాలి. ముందుగా ఉదయగిరి వైపు వెలిగొండలు వస్తాయి. పెంచలకోన చుట్టూ ఉన్న శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యంలో దుప్పులు, కణితులు తిరుగుతాయి. నల్లమల కూడా దాటి రోళ్లపాడు చేరితే కృష్ణజింక కనిపిస్తుంది.

కెమెరా రాకముందే ఈ జిల్లాకు వన్యప్రాణి చిత్రణలో ఒక స్థానం దక్కింది. థామస్ జెర్డాన్ 1840లలో నెల్లూరులో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేశాడు. మద్రాసులో 1843 నుంచి 1847 వరకు భాగాలుగా వెలువడిన ఆయన పక్షుల గ్రంథానికి ఈ దేశపు చిత్రకారులు బొమ్మలు గీశారు. 1867 నాటి క్షీరదాల గ్రంథంలో కృష్ణజింక గురించీ రాశాడు. కలివికోడి అనే పక్షికి ఇంగ్లిషులో ఉన్నది ఆయన పేరే. ఆ కాలపు పద్ధతి ఒక్కటే: ప్రాణిని కాల్చి, బల్ల మీద పెట్టి, చూసి గీయడం. రంగులు, కొలతలు సరిగ్గా వచ్చేవి. అది నిలబడే గడ్డి, వెంట ఉండే మంద, దాని మీద పడే పొద్దు మాత్రం బొమ్మలోకి వచ్చేవి కావు.

కెమెరా వచ్చాక కూడా చాలాకాలం ఇదే నడిచింది. గాజుపలక మీది రసాయనం తడిగా ఉండగానే ఫొటో తీయాల్సిన తడి ప్లేటు కాలంలో ఎక్స్‌పోజర్‌కు సెకన్లు పట్టేవి, కాబట్టి కదలని ప్రాణి కావాలి. కదలని ప్రాణి అంటే చచ్చిన ప్రాణి. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి హైదరాబాదులో స్థిరపడిన లాలా దీన్‌దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు. నిజాం ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు ఇచ్చాడు. వేట విడుదులు, ఏనుగుల వరసలు, కాళ్ల దగ్గర పడి ఉన్న పులులు, తుపాకి పట్టుకుని నిలబడ్డ దొరలు ఆయన చిత్రాల్లో కనిపిస్తారు. వెలుగుపై ఆయన పట్టు ఎవరూ కాదనలేనిది. అదే చేతితో గడ్డిలో మేస్తున్న జింకను తీసి ఉంటే మన బయళ్ల పాత రూపం ఈనాడు కళ్లముందు ఉండేది. ఆనాటి ఆస్థానాలు అడిగింది అది కాదు.

పొడి ప్లేట్లు 1880 నాటికి బజారులోకి వచ్చి ఎక్స్‌పోజర్ సెకనులో చిన్న భాగానికి దిగింది. బతికున్న జింకను తీయడంలో మొదటి పెద్ద అడుగు అమెరికాలో పడింది. జార్జ్ షైరాస్ మిచిగన్ సరస్సుల మీద రాత్రిపూట పడవలో వెళ్లి, ఫ్లాష్ వెలిగించి, నీటి అంచున నిలబడ్డ జింకలను తీశాడు. దీపంతో జింకను నిలబెట్టడం అక్కడి ఓజిబ్వే వేటగాళ్ల పద్ధతి, ఆయన తుపాకి స్థానంలో కెమెరా పెట్టాడు. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1906 జులై సంచికను ఆయన ఫొటోలతో నింపింది. మన దేశంలో అటవీ అధికారి ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ శివాలిక్ అడవుల్లో తీగకు కాలు తగిలితే వెలిగే ఫ్లాష్‌తో పులులను తీసి 1927లో పుస్తకం వేశాడు. ఈ పద్ధతులు అడవి బాటలకు, నీటి ఒడ్డుకు పనికివస్తాయి. బయలు మీద కృష్ణజింక ఏ బాటన వస్తుందని తీగ కడతారు?

అందుకు మద్రాసు మనిషి ఎం. కృష్ణన్ జవాబు ఓపికే. 1912లో పుట్టిన ఆయన 1950 నుంచి 1996లో కన్నుమూసేదాకా స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతి శీర్షిక రాశాడు. చివరిదాకా నలుపు తెలుపుల్లోనే ఫొటోలు తీశాడు. వేర్వేరు కెమెరాల, లెన్సుల భాగాలు జోడించి తానే తయారుచేసుకున్న బరువైన పరికరానికి ‘సూపర్ పాండరోసా’ అని పేరు పెట్టుకున్నాడు. 1959 నుంచి 1970 దాకా ద్వీపకల్ప భారతపు పెద్ద జంతువులపై చేసిన పరిశీలన 1975లో పుస్తకంగా వచ్చింది. జంతువు కళ్ల నిండా కనబడాలన్న ఆత్రం ఆయనకు లేదు, ఏ చోట ఏ పనిలో ఉందో తెలియాలన్నది ఆయన పట్టుదల. మన సరిహద్దుకు ఆనుకుని ఉన్న సండూరు రాజవంశీకుడు ఎం.వై. ఘోర్పడే కూడా నలుపు తెలుపుల్లో తీసిన వన్యప్రాణి చిత్రాలతో 1983లో పుస్తకం తెచ్చాడు. కృష్ణజింక విషయంలో నలుపు తెలుపు లోటు కాదు. ఎదిగిన మగజింక ఒంటి మీద ఉన్నవి ముదురు, తెలుపు ఛాయలే.

చిక్కూ అక్కడే. ఎదిగిన మగజింక వీపు ముదురు రంగు, పొట్ట, కంటి చుట్టూ తెలుపు. పది గంటల ఎండలో వీపు వెంట్రుకలు తెలిసేలా కాంతి కొలిస్తే పొట్ట సున్నం కొట్టినట్టు పాలిపోతుంది. పొట్టకు కొలిస్తే వీపు మసిముద్దగా మిగులుతుంది. అందుకే అనుభవజ్ఞులు పొద్దు పొడిచిన గంటలోపు, మళ్లీ పొద్దు వాలేటప్పుడు తీస్తారు. దక్షిణాది మగజింకలు చాలావరకు నల్లగా కాక ముదురు గోధుమ రంగులో ఉంటాయి, కాబట్టి ఉత్తరాది ఫొటోలు చూసి రంగు దిద్దకూడదు. ఇప్పటి డిజిటల్ సెన్సర్లు వెలుగు నీడల తేడాను ఫిల్ము కంటే బాగా పట్టుకుంటాయి. అయినా నడినెత్తి ఎండకు అవీ లొంగుతాయి.

దగ్గరికి చేరడం వేటగాళ్లు నేర్పిన విద్య. కృష్ణజింక నడిచివచ్చే మనిషిని చూసి పారిపోతుంది, రోజూ పొలం గట్టున పోయే ఎద్దుబండిని లెక్కచేయదు. పాతకాలపు వేటగాళ్లు బండి పక్కన నక్కి కాల్చేవారు. కెమెరావాళ్లు ఆ బండినే వాడుకున్నారు, తర్వాత దాని స్థానంలో జీపు వచ్చింది. బండి నేరుగా మందవైపు పోకూడదు. పక్కగా పోతున్నట్టు ఏటవాలుగా సాగి, మంద తల ఎత్తగానే ఆగాలి. మళ్లీ మేతకు తల వంచాక కదలాలి.

ఇంకో దారి అసలు వెంటపడకపోవడం. హద్దు కట్టుకున్న మగజింక ఒకేచోట మళ్లీ మళ్లీ పెంటికలు వేస్తుంది. అక్కడొక కుప్ప తయారవుతుంది. దానికి తగినంత దూరంలో, గాలి తన వైపు వీచేలా, తెల్లవారకముందే నేలమీద పడుకున్న ఫొటోగ్రాఫర్ దగ్గరికి జింకే వస్తుంది. ముక్కు పైకెత్తి, మెలితిరిగిన కొమ్ములు వీపు మీదికి వాల్చి, ఆడజింకల ముందు ఠీవిగా నడుస్తుంది. కంటి కింది గ్రంథిని గడ్డిపోచకు రాస్తుంది. కెమెరా నేలమట్టంలో ఉంటే గడ్డి ముందువైపు మసకగా, ఆకాశం వెనుక పలచగా పడి, బయలు ఎంత విశాలమో తెలుస్తుంది. జీపు మీద నుంచి తీస్తే వెనకంతా మట్టే.

ఈ ఫొటోలకు జింకలు మిగిలింది చట్టం వల్ల. స్వాతంత్ర్యం వచ్చాక తుపాకులు, జీపులు, రాత్రి దీపాలు కలిసి మైదానాల మందలను తుడిచిపెట్టాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కృష్ణజింకను అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్లో చేర్చింది. నిజాముల వేటభూమి 1975లో హైదరాబాదు వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి అయింది. నగరం చుట్టుముట్టిన ఆ 14.59 చదరపు కిలోమీటర్లలో కృష్ణజింకను తీసిన తెలుగు ఫొటోగ్రాఫర్లు చాలామంది. అయితే అక్కడ భవనాలు ఫ్రేములోకి రాకుండా తంటాలు పడటం నాకు సబబుగా తోచదు. ఆ జింక బతుకులో ఇప్పుడు భవనాలూ భాగమే. వాటిని దాచిన ఫొటో అందంగా ఉండవచ్చు, చోటు గురించి మాత్రం అబద్ధం చెబుతుంది.

అన్నిటికంటే గొప్ప వేదిక రోళ్లపాడు, అప్పటి కర్నూలు, ఇప్పటి నంద్యాల జిల్లాలోని 6.14 చదరపు కిలోమీటర్ల గడ్డినేల. 1988లో బట్టమేక పిట్ట కోసం దాన్ని అభయారణ్యం చేశారు. కాపలా దొరకగానే గడ్డి పెరిగింది. కొద్దిగా ఉన్న కృష్ణజింకలు వందల్లోకి చేరాయి. చిన్న అభయారణ్యం వాటికి చాలలేదు, చుట్టుపక్కల చేలల్లో పడ్డాయి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు ఆ పంట నష్టం మీద అధ్యయనం చేశారు. బట్టమేక పిట్ట మాత్రం తగ్గిపోతూ వచ్చింది. ఒకప్పుడు రోళ్లపాడు ఫొటోలంటే పక్షిఫొటోలే, నేడు జింక ఫొటోలు. ఈ మార్పుకు ఆ ఫొటోలే సాక్ష్యం.

అడవి లోపలి జింకల విషయంలో మనిషి చేతి కెమెరా వెనకబడి, చెట్టుకు కట్టిన కెమెరా ముందుకొచ్చింది. పులుల లెక్కకు పెట్టే కెమెరా ట్రాపుల ముందు దుప్పి, కణితి, కొండగొర్రె కూడా నడిచిపోతాయి. 2018 దేశవ్యాప్త గణనలో 26,838 చోట్ల పెట్టిన కెమెరాలు సుమారు 3.48 కోట్ల ఫొటోలు తీశాయి, వాటిలో పులులవి 76,651. మిగిలిన రాశిలో జింకజాతుల దినచర్య ఎంతో దాగి ఉంది. ఛాంపియన్ తీగకు ఇది మునిమనవడు. ఇందులో చూపు లేదని పెదవి విరిచేవారున్నారు కానీ, మనిషి అలికిడి లేని అడవిని చూపేది ఇదే.

చట్టంలో ఫొటోగ్రఫీ ప్రస్తావన మొదటి నుంచీ ఉంది. 28వ సెక్షన్ కింద అభయారణ్య ప్రవేశానికి అనుమతి ఇచ్చే కారణాల్లో అదొకటి. 2022 సవరణ దానికి షరతు జోడించింది: ఆవాసాన్ని మార్చకుండా, ఆవాసానికీ ప్రాణికీ హాని లేకుండా తీయాలి. 2018లో ఆంధ్రప్రదేశ్ తన రాష్ట్ర జంతువుగా ప్రకటించిన కృష్ణజింక అభయారణ్యాల్లో కంటే వాటి బయటే, కర్నూలు వైపు నల్లరేగడి చేలల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడ 28వ సెక్షన్ లేదు, రైతు ఉన్నాడు. అనుమతి ఆయన్నే అడగాలి. శనగచేను మొలకమీద ఉన్నప్పుడు మంద రాత్రంతా మేసిపోతే, తెల్లారి కెమెరాతో వచ్చినవాడికి ఆయన చూపించేది కొరికిన మొక్కలనే. ఆ మొక్కలను కూడా తీసేవాళ్లు మెల్లగా పెరుగుతున్నారు.