తిరుత్తణి తగవు తీఱిన విధము

పొలముగట్టు తగవు చూడని పెద్దమనిషి మన పల్లెలలో ఉండడు. ఇరుగుపొరుగు రైతులు మూరెడు నేలకై మాటలు మాని కఱ్ఱలు పట్టుట, నలుగురు పెద్దలు నడుమ ప్రవేశించుట, గొలుసు పట్టించి కొలిపించి రాయి నాటించుట మనకు క్రొత్త గాదు. అట్టి గట్టు తగవే ఒకప్పుడు మన చిత్తూరు జిల్లాలో రెండు భాషలవారి నడుమ, రెండు రాష్ట్రముల నడుమ పుట్టెను. అది పెరిగిన తీరును, తీఱిన విధమును ఈనాడు మీకు మనవి చేసెదను.

మన సీమ మొదటినుండియు భాషలు కలిసిన చోటు. 1911 వఱకు చిత్తూరు పట్టణము ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యస్థానము. ఆ యేట ఆ జిల్లాలోని కొంత భాగమును, కడప జిల్లాలోని మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను చేర్చి చిత్తూరు జిల్లాను ఏర్పఱచిరి. ఒకే సంతలో తెలుగున బేరమాడి అరవమున లెక్క చెప్పువారు మనలో ఎందఱో కలరు. తిరుమల కొండపైని స్వామికి ఆళ్వారులు తమిళమున పాశురములు పాడిరి. తాళ్లపాక అన్నమాచార్యులు తెలుగున సంకీర్తనములు పాడెను. ధనుర్మాసమున సుప్రభాతమునకు మాఱుగా తిరుప్పావై వినబడును. దేవుని సన్నిధిని రెండు భాషలకును చోటు చాలినది. ఎల్ల గీయవలసి వచ్చినప్పుడే చోటు చాలక పోయినది.

ఆ ఎల్ల ఎందులకు గీయవలసి వచ్చెను? తెలుగువారికి వేఱు రాష్ట్రము కావలెనను కోరిక 1913లో బాపట్లలో జరిగిన ఆంధ్రమహాసభ నాటినుండియు ఉన్నది. 1920లో నాగపురమున కాంగ్రెసువారు తమ రాష్ట్రసంఘములను భాషలనుబట్టి ఏర్పఱచుకొన నిశ్చయించిరి. కాని స్వరాజ్యము వచ్చిన పిదప దేశాభిమానులు రెండు పక్షములైరి. ఒక పక్షమువారు, దేశము 1947లో ఇదివఱకే చీలినది, భాషల పేర మరల గీతలు గీసిన మిగిలినదియు చీలునని భయపడిరి. 1948లో ధార్ సంఘము ఇంచుమించుగా ఈ మాటనే చెప్పెను. రెండవ పక్షమువారు, ప్రజల భాషలో పాలన జరుగనిచో స్వరాజ్యము పల్లెగడప దాటి లోనికి రాదని వాదించిరి. ఈ ఇరుపక్షముల పెద్దలలో పెక్కురు ఒకే ఉద్యమమున చెఱసాలలకు పోయినవారే. వీరిలో ఎవరిని దేశద్రోహులనగలము? దేశమును ఏ రీతిని ప్రేమింపవలెనన్న దానియందే భేదము.

1949లో జవాహర్‌లాల్, వల్లభభాయి, పట్టాభి గారల సంఘము చెన్నపట్టణమును విడిచిన ఆంధ్రరాష్ట్రము సాధ్యమే అనెను. పిదప ఆలస్యము జరిగెను. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్షకు పూని డిసెంబరు 15న ప్రాణము విడిచిరి. అల్లరులు చెలరేగినవి, పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము వెలసెను. చిత్తూరు జిల్లా యావత్తు అందు చేరెను.

ఆ దినములలో మనవారు చెన్నపట్టణము మాదే అనిరి. దానికి మాఱుగా మ. పొ. శివజ్ఞానము గారి నాయకత్వమున తమిళ అరసు కళగమువారు చెన్నపట్టణమును విడువమనుటయే కాక, వేంకటాచలము వఱకు తమిళదేశమే అనిరి. తొల్కాప్పియమునకు గల పాయిరము తమిళదేశమునకు ఉత్తరమున వేంకటమును, దక్షిణమున కుమరిని ఎల్లలుగా చెప్పుచున్నదని చూపిరి. మనవారు అన్నమయ్యను, విజయనగరరాజుల శాసనములను చూపిరి. చరిత్ర ఎవరు ఏ యేటినుండి చదువ మొదలిడిన ఆ యేట వారికి సాక్ష్యము చెప్పును. శివజ్ఞానము గారు సామాన్యులు కారు. ఉప్పు సత్యాగ్రహమున చెఱకు పోయినవారు. ఆయన దేశభక్తిని మనము శంకింపలేము. మన పెద్దల దేశభక్తిని వారును శంకింపలేరు.

తిరుపతి, పుత్తూరు, చిత్తూరులను గూర్చి మన వాదము గట్టిది. కాని తిరుత్తణి సంగతి వేఱు. అచ్చటి గ్రామములలో అధికభాగము తమిళము మాటాడునవి. జిల్లా మొత్తముగా ఆంధ్రలో చేరుటచే అవియు చేరినవి. భాషనుబట్టి రాష్ట్రము కావలెనని 1952లో మనము ఏ న్యాయమును అడిగితిమో, 1953 తరువాత తిరుత్తణివారు మనలను ఆ న్యాయమునే అడిగిరి. ఇదియే ఈ కథలోని కీలకము. మనకు మేలు చేసిన సూత్రము మన నేలను కోరి వచ్చినప్పుడు దానిని నిలుపుకొందుమా, విడుతుమా? ఆందోళనలు జరిగినవి, జనులు చెఱసాలలకు పోయిరి, కొందఱి యిండ్లలో దుఃఖము నిలిచిపోయినది.

తుదకు రెండు ప్రభుత్వములును హరి వినాయక పటాస్కరు గారిని మధ్యవర్తిగా అంగీకరించినవి. ఆయన నేలను పంచుటకు ముందు కొలతను నిర్ణయించెను. మొదటిది, తాలూకాను కాక గ్రామమును ప్రమాణముగా తీసికొనుట. రెండవది, గ్రామములు ఒకదానితో ఒకటి ఆనుకొని యుండుట. మూడవది, జనాభా లెక్కలనుబట్టి ఏ భాషవారు అధికులో చూచుట. తాలూకానే ప్రమాణముగా తీసికొన్నచో ఒక భాషవారి పల్లెలు అనేకములు రెండవ భాషవారి వెంట ఈడ్వబడియుండును. గ్రామమును తీసికొనుటచే ఆ నష్టము తగ్గెను.

1957లో తీర్పు వెలువడెను. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి సంజీవరెడ్డి గారును, మద్రాసు ముఖ్యమంత్రి కామరాజు గారును సమ్మతించిరి. 1959లో పార్లమెంటు చట్టము చేసెను. 1960 ఏప్రిల్ 1న అమలయ్యెను. తిరుత్తణి తాలూకాలో అధికభాగమును, పళ్లిపట్టు పరిసరములును, మొత్తము మూడు వందలకు పైబడిన గ్రామములు మద్రాసు రాష్ట్రమునకు పోయినవి. చెంగల్పట్టు జిల్లానుండి సత్యవేడు ప్రాంతమును, సేలము జిల్లానుండి కొలది గ్రామములును, సుమారు నూట యేబది గ్రామములు మనకు వచ్చినవి. తూచి చూచినచో మనము ఇచ్చినదే ఎక్కువ. అయినను మనవారు సంతకము చేసిరి.

తిరుత్తణిలో పుట్టి తిరుపతిలో చదివిన తెలుగుబిడ్డ సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు అప్పటికి ఉపరాష్ట్రపతి. ఆయన జన్మస్థలము ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు మాఱిన రెండేండ్లకు, 1962లో, ఆయన భారతదేశమునకు రాష్ట్రపతి అయ్యెను.

ఆ తీర్పు అందఱిని సంతోషపెట్టెనని చెప్పను. ఎల్ల ఎక్కడ గీచినను అవతల కొందఱు మనవారు, ఇవతల కొందఱు వారివారు మిగులుదురు. తిరుత్తణి ప్రాంతమున తెలుగిండ్లు ఉన్నవి. నగరి వైపున తమిళపుటిండ్లు ఉన్నవి. ఆ పిల్లలకు తల్లిభాషలో బడి ఉన్నదా లేదా అన్నది రాయి నాటినంత మాత్రమున తీఱెడి ప్రశ్న కాదు. అది నేటికిని ఇరుప్రభుత్వముల బాధ్యతయే. అయినను బెళగావిని చూడుడు. అచ్చటి తగవును తీర్చుటకై 1966లో మహాజన సంఘము ఏర్పడి మఱుసటి యేట నివేదిక నిచ్చెను. ఒక పక్షము దానిని ఒప్పుకొనలేదు. 2004లో ఆ వివాదము సుప్రీముకోర్టున కెక్కెను. మన తగవు ముగియుటకు కారణము మనము వారికంటె మంచివారమగుట కాదు. కొలతను ఇరువురును ఒప్పుకొనుటయే.

పెద్దలారా! నేడు భాష పేర, మతము పేర, పార్టీ పేర రచ్చబండ రెండుగా చీలుచున్నది. ఒకరి దేశభక్తిని మఱియొకరు ఒప్పుకొనుట లేదు. ప్రజాప్రభుత్వమున అభిప్రాయభేదము దోషము కాదు. అది లేనిచోట ఓటుతో పని లేదు. మీ యూరిలో అట్టి వాదము లేచినప్పుడు ఎవడు ద్రోహి అని విచారింపకుడు. ఇరువురను కూర్చుండబెట్టి, "నీవు ఎదుటివాని పొలమున పట్టించెడి గొలుసును నీ పొలమునను పట్టింతువా?" అని అడుగుడు. తిరుత్తణి విషయమున మన రాష్ట్రము పట్టించెను. నేలను కొంత పోగొట్టుకొన్నది, పొరుగును నిలుపుకొన్నది.