సమాప్తపునరాత్తము - చలనచిత్రముల యుత్తరభాగములు

కావ్యదోషములను బరిగణించుచు మమ్మటాచార్యుఁడు కావ్యప్రకాశమున సమాప్తపునరాత్త మను నొక వాక్యదోషమును బేర్కొనెను. క్రియతో ముగిసి, శ్రోత యపేక్ష తీఱిన వాక్యమును మఱల నెత్తుకొని దానికి మఱియొక విశేషణమును దగిలించుట యీ దోషము. చేర్చిన పదము స్వతః చెడ్డది కాకపోవచ్చును, మనోహరమే కావచ్చును. అయినను వాక్యము ముగిసినదని స్థిమితపడిన బుద్ధిని మఱల లేపుటచే నది భారమగును. వాక్యమునకుఁ జెప్పఁబడిన యీ మాట కథాప్రబంధమునకును జెల్లును. ప్రబంధమునకుఁ జెల్లినది చలనచిత్రమునకును జెల్లును. నేఁటి తెఱమీఁద నీ దోషము విరివిగాఁ గానవచ్చుచున్నది.

జయప్రదమైన చిత్రమునకుఁ దరువాతి కథగాఁ దీయఁబడునది సీక్వెలు. ఒక పేరును, ఒక పాత్రను, ఒక కల్పితలోకమును బట్టుకొని వరుసగా వెలువడు చిత్రపరంపర ఫ్రాంచైజీ. మొదటిదానిని ఉత్తరభాగ మనియు, రెండవదానిని అనువృత్తి యనియు వ్యవహరింపవచ్చును. పాణినీయమునఁ బూర్వసూత్రమునందలి పదము పరసూత్రములలోనికి నడచుట యనువృత్తి. ఆ పదము పరసూత్రమునకు ఆవశ్యకమైనంతవఱకే నడచును. ఆవశ్యకత తీఱినచోట నివృత్తమగును. ఆ నివృత్తిస్థానము నెఱుఁగుట వ్యాఖ్యాతకుఁ బ్రధానవిద్య. చిత్రనిర్మాతలకు అనువృత్తి తెలిసినంతగా నివృత్తి తెలియకపోవుటయే ప్రేక్షకుల యాశాభంగమునకు మూలము.

ఉత్తరభాగరచన చలనచిత్రములతోఁ బుట్టినది కాదు. బాణభట్టు కాదంబరిని ముగింపకయే దివంగతుఁడు కాఁగా నతని కుమారుఁడు శేషమును బూరించెను. కథ తెగిపోయినందులకు సజ్జనులు దుఃఖించుటఁ జూచి పూనుకొనుటయే కాని కవిత్వదర్పముచేతఁ గాదని యతఁడు విన్నవించుకొనెను. ఆంధ్రమహాభారతమును 11వ శతాబ్దమున నన్నయభట్టారకుఁ డారణ్యపర్వమధ్యమున విడిచెను. 13వ శతాబ్దమునఁ దిక్కన విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు రచించెను. నడుమ మిగిలిన లోపమును 14వ శతాబ్దమున నెఱ్ఱన పూరించుచు, తన పేరును వెనుకకుఁ బెట్టి, యా భాగమును రాజరాజనరేంద్రుని పేరనే నడపెను. రంగనాథరామాయణమునకు ఉత్తరకాండమును గోన బుద్ధారెడ్డి కుమారులైన కాచవిభుఁడును విఠలరాజును సమకూర్చిరి. ఈ రచనలన్నింటికిని ముందు ఒక కొఱఁత కలదు. ఆ కొఱఁత పాఠకులు స్వయముగా ననుభవించినది. కవి కల్పించి చూపినది కాదు.

దీనికి భిన్నమైన తెఱఁగు వేఱొకటి కలదు. వసుచరిత్రము ప్రసిద్ధి కెక్కిన పిదప దాని నడకను, శ్లేషలను, వర్ణనక్రమమును ననుసరించి పుట్టిన ప్రబంధములను లోకము "పిల్ల వసుచరిత్రలు" అని పిలిచెను. ఆ పేరులోనే తీర్పు కలదు. అవి కథకుఁ దరువాయి కావు, కీర్తికిఁ దరువాయి. నేఁటి ఫ్రాంచైజీకి మన వాఙ్మయమున నిదియే మిక్కిలి దగ్గఱి పూర్వరూపము.

పాశ్చాత్యదేశములందుఁ జలనచిత్రోత్తరభాగముల చరిత్ర శతాబ్దమును మించినది. అమెరికాలో 1915లో వెలువడిన బర్త్ ఆఫ్ ఎ నేషన్ చిత్రమునకు 1916లోనే ఫాల్ ఆఫ్ ఎ నేషన్ అను తరువాయి వచ్చెను. 1933లో కింగ్ కాంగ్ విజయము పొందఁగా సన్ ఆఫ్ కాంగ్ అను చిత్రము ఆ సంవత్సరముననే సిద్ధమయ్యెను. 1975 నాఁటి జాస్ చిత్రమునకు 1978, 1983, 1987 సంవత్సరములలో మూఁడు తరువాయిలు పుట్టినవి. సొరచేఁప మాఱెనే కాని భయము పెరుగలేదు. ఐనను నియమమునకు అపవాదము లేకపోలేదు. 1972 నాఁటి గాడ్ ఫాదర్ చిత్రమునకు 1974లో వచ్చిన రెండవ భాగము ఉత్తమచిత్రముగా ఆస్కారు బహుమానమును బొందిన మొదటి యుత్తరభాగము. అందుఁ దండ్రి పూర్వవృత్తాంతమును గుమారుని యనంతరవృత్తాంతమును ప్రక్కప్రక్కన నడచి, మొదటి చిత్రమున నున్న ప్రశ్నకే లోఁతు కలిగించినవి. వంగదేశమున సత్యజిత్ రాయ్ 1955లో పథేర్ పాంచాలిని, 1956లో అపరాజితోను, 1959లో అపూర్ సంసార్ ను దీసెను. అచట బాలుఁ డొక్కఁడే, వాని జీవనమే కథ. జీవనమునకుఁ దరువాయి యుండుట సహజము.

తెలుఁగు తెఱకు వచ్చినచో నొక విశేషము కానవచ్చును. ఆంధ్రులు మిగుల నాదరించిన పౌరాణికచిత్రములలో లవకుశ ప్రథమగణ్యము. దానిని 1934లో సి. పుల్లయ్య తీసెను. అదే కథను 1963లో నతఁడును నతని కుమారుఁడు సి. ఎస్. రావును వర్ణచిత్రముగా మఱలఁ దీసిరి. ఈ కథ రామాయణమునకు ఉత్తరకాండమే. పట్టాభిషేకముతో యుద్ధకాండము ముగిసినది, ఫలశ్రుతియుఁ జెప్పఁబడినది. ఆ పిదప నుత్తరకాండము మొదలగుట పైచూపునకు సమాప్తపునరాత్తమే. మఱి యీ కథ జనుల కేల రుచించెను? కారణము బాలకాండముననే కలదు. కుశలవులు రామాయణగానము చేయుటతోఁ గథ యుపక్రమించినది. ఈ బాలకు లెవరు, తండ్రి సభలో నెఱుఁగఁబడక పాడుచున్నా రేల యను ప్రశ్నకు యుద్ధకాండమునఁ బ్రత్యుత్తరము లేదు. కాఁబట్టి యుపక్రమమునఁ బుట్టిన యాకాంక్ష యుత్తరకాండమునఁ దీఱుచున్నది. లోకాపవాదమునకు లోనైన సీత కేది గతి యను ధర్మసంశయమును బట్టాభిషేకముచేత శమింపలేదు. అందుచేతనే ప్రేక్షకులు కన్నీటితో నా చిత్రమును మఱలమఱలఁ జూచిరి.

వాక్యార్థబోధకు శాస్త్రకారులు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూఁడు కారణములను జెప్పుదురు. ఒక పదము వేఱొక పదమును గోరవలెను. వాని యర్థములు పరస్పరము పొందవలెను. అవి దగ్గఱదగ్గఱగా నుచ్చరింపఁబడవలెను. "నిప్పుతోఁ దడుపుచున్నాఁడు" అన్నచో యోగ్యత లేదు. "ఆవును" అని ప్రొద్దునఁ బలికి "తెమ్ము" అని సాయంకాలమునఁ బలికినచో సన్నిధి లేదు. పూర్వోత్తరభాగములను రెండు పదములుగా నెంచి యీ మూఁడు కారణములచేఁ బరీక్షించినచో నాశాభంగమునకు హేతువు స్పష్టపడును.

యోగ్యతాలోపమునకు చంద్రముఖి పరంపర చక్కని యుదాహరణము. 1993లో మలయాళమున ఫాజిల్ తీసిన మణిచిత్రతాళు దీనికి మూలము. దానినే పి. వాసు 2004లో కన్నడమున ఆప్తమిత్రగను, 2005లో తమిళమునఁ జంద్రముఖిగను దీసెను. ఆ తమిళచిత్రము అనువాదరూపమున నాంధ్రులకును బరిచితమైనది. పాడుపడిన గది, పూర్వకాలపు నర్తకి, ఆమెను హింసించిన ప్రభువు - ఇవి యన్నియుఁ జూపి, తుదకు దయ్యము లేదనియు, గృహిణి మనస్సునకు సోఁకిన వ్యాధియే యిదియనియు, వైద్యుఁడు యుక్తితో దానిని మాన్పెననియు నిర్ణయించుట యీ కథకుఁ బ్రాణము. భయముతో నారంభించి యెఱుకతో ముగియుట దాని గొప్పతనము. 2010లో వాసువే కన్నడమున ఆప్తరక్షకను, తెలుఁగున నాగవల్లిని దరువాయిలుగాఁ దీసెను. మొదటి కథలో నెన్నఁడో గతించిన కాలమునకుఁ జెందిన ప్రభువు రెండవ కథలో నూఱేండ్లు దాఁటియు జీవించియున్నట్లు చూపఁబడెను. వ్యాధియని మొదట నిర్ణయించిన దానికి నిట్టి యద్భుతముతోఁ బొందిక కుదురదు. కన్నడప్రేక్షకులు, అప్పటికే గతించిన విష్ణువర్ధనుని కడపటి చిత్రమగుటచేతను, ఆప్తరక్షక నాదరించిరి. నాగవల్లి కాంధ్రదేశమున నట్టి యాదరము లభింపలేదు. రెండవ చిత్రము తాను చెడుటయే కాక, మొదటి చిత్రపు నిర్ణయమునే త్రోసిపుచ్చినది. ఇచట సంభవించిన నష్టము ధననష్టముకంటెఁ బెద్దది.

ఆకాంక్షాసన్నిధులు రెండును లోపించుటకు భారతీయుఁడు దృష్టాంతము. శంకర్ దర్శకత్వమున 1996లో వెలువడిన యా చిత్రమున స్వాతంత్ర్యసమరమునఁ బాల్గొన్న వృద్ధుఁడు సేనాపతి లంచగొండులను వధించును. తన కుమారుఁడే లంచము గైకొని చెడిన వాహనమునకు యోగ్యతాపత్రము నీయఁగా బాలు రనేకులు మరణించిరి. తండ్రి తుదకు వానిని సైతము విడువఁడు. ధర్మమునకై యొకఁడు చెల్లింపఁదగిన మూల్యములలోఁ బుత్రునికంటె మిన్న యేది? బీజమునకుఁ దగిన ఫలము నిర్వహణసంధియందు లభించినది. వృద్ధుఁడు దూరదేశమునుండి ఫోనుచేసి తాను బ్రతికియున్నానని తెలుపుట నిజమే. కాని తలుపు కొంచెము తెఱచియుండుట వేఱు. లోపల నెవరైన నెదురుచూచుచుండుట వేఱు. 28 ఏండ్ల పిదప, 2024లో, రెండవ భాగము వచ్చెను. వైయాకరణులు కొన్ని సూత్రములను దాఁటి దుముకు ననువృత్తిని మండూకప్లుతి యందురు. ఆ కప్ప యింత దూరము దుముకఁజాలదు. నూఱేండ్లు దాఁటవలసిన సేనాపతి మఱల శత్రువులను మర్దించుచుండఁగాఁ బ్రేక్షకులు వెనుకటి వృద్ధుని వెదకి కానక నిరాశులైరి. పైఁగా నా చిత్రము మూఁడవ భాగమును జూడుఁడని చెప్పి ముగిసెను.

పేరు మాత్రమే యనువర్తించిన చిత్రములును గలవు. 2004 నాఁటి ఆర్యకును 2009 నాఁటి ఆర్య 2కును దర్శకుఁడు, నటుఁడు, నాయకుని పేరు సమానములు, కథాసంబంధము లేదు. 2009 నాఁటి కిక్ నాయకుని కుమారుఁడు 2015 నాఁటి కిక్ 2కు నాయకుఁడు; ఇద్దఱుగను రవితేజయే నటించెను. వెనుకటి యుత్సాహము వారసత్వముగా సంక్రమింపలేదు.

ఇందుకుఁ బ్రతిగా బాహుబలిని జెప్పవలెను. 2015లో వెలువడిన మొదటి భాగము, విశ్వాసపాత్రుఁడైన కట్టప్ప తన ప్రభువును బొడిచెనని చెప్పి నిలిచిపోయెను. "ఏల?" యను ప్రశ్న రెండేండ్లు దేశమంతట నాడెను. 2017లో వచ్చిన రెండవ భాగము దానికి సమాధానము. ఇది యుత్తరభాగము కాదు; ఉత్తరార్ధము. ఒక వాక్యమే రెండు శ్వాసలలోఁ బలుకఁబడినది. అట్లని కథను రెండుగాఁ గోయుటయే విజయరహస్యము కాదు. 2019లో జనవరియందును ఫిబ్రవరియందును వెలువడిన ఎన్.టి.ఆర్. జీవితచిత్రములు రెండింటికిని ఆకాంక్ష కలదు, యోగ్యత కలదు, సన్నిధి కలదు. ఐనను అవి ప్రేక్షకులను దనియింపలేదు. ఆ మూఁడు కారణములచే వాక్యము సిద్ధించును. వాక్యమైనంతనే కావ్యము కాదు, రసముండవలెను.

బాహుబలి పిదపఁ బుట్టిన యాచారమువలన వేఱొక దోషము తలయెత్తినది. 2023లో సలార్, 2024లో దేవర "మొదటి భాగము" అను పేరుతోనే వెలువడినవి. సమాప్తపునరాత్తము ముగిసినదానిని బెంచును. ఇది ముగియనిదానిని ముగిసినట్లు విక్రయించును. మమ్మటుని పట్టికలోనే దీనికి న్యూనపద మను పేరు సిద్ధముగా నున్నది. ప్రవేశమూల్యము పూర్ణము, కథ యర్ధము.

ఇచట నొక పూర్వపక్షము. ప్రేక్షకులే రెండవ భాగమును గోరుచుండఁగా నిర్మాతల నేల నిందింపవలెను? చిత్రనిర్మాణవ్యయము మిక్కిలి పెరిగినది. ఎఱిఁగిన పేరున్నచో మొదటిదినమున జనులు వత్తురు. తెలియని కథకుఁ బెట్టుబడి పెట్టుట సాహసము. ఈ వాదము వర్తకమున బలమైనదే. కాని ప్రేక్షకుఁడు కోరునది యేది? అతఁడు కోరునది కథాశేషము కాదు; మొదటిదినమునఁ దాను పొందిన యానందము. ఆ యానందమునకు హేతువు నాయకుని పేరు కాదు, ఎన్నఁడు నెఱుఁగనిదానిని జూచుట. పేరును బట్టి దానిని మఱలఁ దేఁజూచుట, చల్లారిన వంటకమును వేఁడిచేసి క్రొత్తవంటయని వడ్డించుటవంటిది. ఆ యానందము రెండు త్రోవలఁ గలుగును: మొదటి చిత్రమునే మఱలఁ జూచుటచేతఁ గాని, పూర్తిగాఁ గ్రొత్త చిత్రమును జూచుటచేతఁ గాని.

కావున నుత్తరభాగమంతయు నిషిద్ధమని సిద్ధాంతము కాదు. పూర్వకథ నిజముగా విడిచిన ప్రశ్న యుండవలెను. ఉత్తరకథ పూర్వనిర్ణయమును భంజింపరాదు. ఆ రెండును గుదిరిన పిదప రసముండవలెను. ఇవి లేనిచోట మౌనమే మేలు. కుమారసంభవమునకుఁ బదునేడు సర్గములు ప్రచారమున నున్నను, కోలాచల మల్లినాథసూరి యెనిమిదవ సర్గముతోఁ దన వ్యాఖ్యను నిలిపెను. తరువాతి సర్గములందుఁ గుమారుఁడు జన్మించును, తారకుఁడు హతుఁడగును. కావ్యనామము చెప్పుచున్న కథ యంతయు నచటనే యున్నది. ఐనను నా మహావ్యాఖ్యాత యటు వైపునకుఁ బోలేదు. ఆ నివృత్తి మన పండితులకును, తెఱకుఁ గథలల్లువారికిని ననుసరణీయము.