పద్దు దాచని ఊరు

వరంగల్ నుంచి నర్సంపేట పోయే తొవ్వలో, గీసుగొండ మండలంలో గంగదేవిపల్లి ఉంది. బస్సులో కునుకు తీస్తే దాటిపోయేంత చిన్న ఊరు. కానీ ఈ ఊరి నీళ్ల ట్యాంకునూ, కమిటీల పుస్తకాలనూ చూసిపోవడానికి దేశదేశాల నుంచి మనుషులు వచ్చారు. అంతగా చూడాల్సింది ఏముందని అడిగితే నా జవాబు ఒక్కటే: జమాఖర్చు.

ఈ ప్రాంతంలో ఊరుమ్మడి పనికి పాత చరిత్రే ఉంది. నర్సంపేటకు దగ్గర్లోని పాకాల చెరువును కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో, జగదాల ముమ్మడి కట్టించాడు. దాదాపు 30 చదరపు కిలోమీటర్ల నీటి విస్తీర్ణం. అంత నీళ్లకు కట్ట ఒక్కటే సరిపోదు. తూము ఎప్పుడు లేపాలి, చివరి మడికి తడి అందిందా, మత్తడి దగ్గర మట్టి కోసుకుపోతోందా అని చూసే మనుషులు కావాలి. అందుకే నీరటి అనే వృత్తి పుట్టింది. చెరువు తవ్వించినవాళ్లకూ బాగోగులు చూసేవాళ్లకూ ఆయకట్టులో దశబంధం పేరుతో మాన్యం దక్కేది. ఎవరికి ఎంత భూమి, ఏ పనికి అన్నది రాతి మీద చెక్కించేవారు. ఊరంతా చదవకపోయినా, ఊరంతా చూసే చోట రాయి ఉండేది.

ఆ తర్వాత లెక్క పట్వారీ సంచిలోకి వెళ్లింది. నిజాం పాలనలో వేళ్లూనిన పటేల్ పట్వారీ వ్యవస్థలో పహాణీలో ఎవరి పేరుందో పట్వారీ చెబితేనే రైతుకు తెలిసేది. 1959లో షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. సమితులు వచ్చాయి, పట్వారీ సంచి మాత్రం అలాగే ఉండిపోయింది. ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ కొలువులను రద్దు చేసేదాకా, అంటే 1980ల నడుమ దాకా, అది ఊరి మీద పెత్తనం చేసింది. సర్కారు కాగితమంటే మనవాళ్లకు ఈనాటికీ ఉన్న జంకు ఒక తరంలో పుట్టింది కాదు.

గంగదేవిపల్లి మలుపు అంతకు కాస్త ముందు, 1980ల మొదట్లోదే. ఊళ్లో సారా, కల్లు వద్దని జనం తీర్మానించుకున్నారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటానికి ఇది చాలా ముందు. అప్పట్లో ఈ ఊరికి సొంత పంచాయతీ కూడా లేదు, మచ్చాపూర్ కింద శివారు పల్లె. 1994లో విడిగా పంచాయతీ అయింది. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత రాష్ట్రంలో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చిన ఏడాది కూడా అదే. మహిళలే పాలకవర్గంగా ఊరిని నడిపిన రోజులున్నాయి. తర్వాత సర్పంచిగా కూసం రాజమౌళి పేరు ఊరి పేరుతో కలిసిపోయింది.

అసలు కథ నీళ్ల దగ్గర ఉంది. బోర్లలో ఫ్లోరైడ్. హన్మకొండ కేంద్రంగా పనిచేసే బాలవికాస సంస్థ ముందుకొచ్చింది. సింగారెడ్డి బాలథెరిసా, కెనడాకు చెందిన ఆమె భర్త ఆండ్రే జింగ్రాస్ దాన్ని స్థాపించారు. ఆ సంస్థ పద్ధతిలో ఒక మెలిక ఉంది: ఖర్చంతా తామే భరించరు, ఊరు తన వాటా వేసుకోవాలి. ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేసుకుని ట్యాంకు కట్టుకున్నారు. తర్వాత శుద్ధి ప్లాంటు వచ్చింది, 20 లీటర్ల క్యాను నామమాత్రపు ధరకు దొరికింది.

ఉచితంగా ఇస్తే సరిపోయేది కదా అనిపించవచ్చు. అక్కడే నాకు ఈ ఊరి తెలివి కనిపిస్తుంది. తన డబ్బు పడ్డ ట్యాంకు కారితే మనిషి ఊరుకోడు, నా పైసలేమయ్యాయని నిలదీస్తాడు. నిలదీస్తే జవాబు చెప్పేవాడుండాలి. అట్లా నీళ్లకో కమిటీ పుట్టింది. ఆరోగ్యానికి, రుణాల వసూళ్లకు, చివరికి కేబుల్ టీవీకి కూడా కమిటీలు వచ్చి, ఇరవై దాటాయి. టీవీకి కమిటీ ఏమిటని నవ్వుకుంటాం గానీ, నెలనెలా చిల్లర వసూలు చేసి అందరి ముందు లెక్క అప్పజెప్పడం నేర్పిన బడి అదే. రోడ్డుకో మోరీకో డబ్బు కావలసి వచ్చే నాటికి ఆ అలవాటు కుదిరింది.

2007లో నిర్మల్ గ్రామ్ పురస్కారం వచ్చింది. 2015 ఆగస్టు 17న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గ్రామజ్యోతి పథకాన్ని ఇక్కడి నుంచే ప్రారంభించారు. ఈ ఊళ్లో ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా మొలిచిన కమిటీల్లా కాకుండా, ఆ పథకం కింద రాష్ట్రంలోని ప్రతి పంచాయతీకీ ఏడేడు కమిటీలంటూ ఉత్తర్వు వెళ్లింది. ఆ ఏడింటి పేర్లు ఇవాళ ఎంతమందికి గుర్తున్నాయి? విత్తనం వేయకుండా నాటు వేసినట్టయిందని నా అభిప్రాయం.

ఇదే మండలానికి మరో తీరు అభివృద్ధి కూడా వచ్చింది. వరంగల్‌కు ఒకప్పుడు అన్నం పెట్టిన ఆజంజాహి బట్టల మిల్లు 1934లో మొదలై, చివరికి మూతపడింది. ఆ లోటు తీర్చాలని 2017 అక్టోబర్ 22న గీసుగొండ, సంగెం మండలాల నడుమ కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. వెయ్యి ఎకరాలు దాటిన ఆ నేలకు, ఇంటింటి చందాతో లేచిన ట్యాంకుకు పోలిక లేదు. పార్కులో కొలువు దొరికితే ఊరి పిల్లలకు మేలే. కానీ అక్కడి పద్దు గ్రామసభలో చదవరు.

ఈ మధ్య నర్సంపేట వైపు నుంచి వచ్చిన కబురు మాత్రం గంగదేవిపల్లికి చుట్టమే. టమాటాలా గుండ్రంగా, ఎర్రగా, కారం తక్కువగా ఉండే చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దరఖాస్తు పెట్టింది తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ, అంటే రైతులే వాటాదారులు. కారానికి కాదు, రంగుకు ఈ కాయ పేరు మోసింది. ఆ ఎరుపును తీసి తినే వస్తువులకూ సౌందర్య సాధనాలకూ వాడతారు. ఇకపై ఎవరు పడితే వారు ఏ కాయకు పడితే ఆ కాయకు వరంగల్ చపాట అని పేరు పెట్టి అమ్మడానికి లేదు.

అయితే ఆ పేరును కాపాడాల్సింది మళ్లీ రైతులే. ఏ మండలంలో ఏ చేనుది, ఏ విత్తనం, ఎన్ని బస్తాలు అన్నది ఎవరో ఒకరు పుస్తకంలో ఎక్కించాలి, అడిగినప్పుడు విప్పి చూపాలి. కోత కాలంలో నర్సంపేట చుట్టుపక్కల కళ్లాల్లో పరిచిన మిర్చిలోంచి నిగనిగలాడే కాయలను రైతులు వేరుగా తీసి పెడతారు. వచ్చే ఏటి విత్తనం అందులోదే.