నిద్రించే యంత్రం: మైక్రోకంట్రోలర్లలో విద్యుత్ పొదుపు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కంప్యూటర్ చరిత్రను సాధారణంగా వేగం పెరిగిన చరిత్రగా చెబుతారు. బ్యాటరీతో నడిచే మైక్రోకంట్రోలర్ల చరిత్ర ఆ చట్రంలో ఇమడదని, దాని మూలాలు చేతిగడియారాల పరిశ్రమలో ఉన్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మైక్రోకంట్రోలర్, సీమాస్, క్వార్ట్జ్ గడియారం, నిద్రాస్థితి, బ్యాటరీ.

1. నేపథ్యం:
1971లో వెలువడిన ఇంటెల్ 4004 వంటి తొలి చిప్‌లు ఒకే రకం ట్రాన్సిస్టర్లతో నిర్మితమైనవి. పని లేనప్పుడు కూడా వాటిలో విద్యుత్తు ప్రవహిస్తూనే ఉండేది. దీనికి పరిష్కారం 1963లోనే లభించింది. ఫెయిర్‌చైల్డ్ సంస్థలో ఫ్రాంక్ వాన్లాస్, సి.టి. సా పరస్పర పూరకాలైన రెండు రకాల ట్రాన్సిస్టర్లను జతచేశారు. ఇదే సీమాస్ నిర్మాణం. జతలో ఒకటి తెరుచుకుంటే మరొకటి మూసుకుంటుంది కనుక, స్థితి మారే క్షణంలో తప్ప విద్యుత్ వ్యయం దాదాపు ఉండదు.

2. గడియారాల పాత్ర:
తొలినాటి సీమాస్ వేగంలో వెనుకబడింది. అయితే గడియారానికి కావలసింది వేగం కాదు, మన్నిక. 1972 నాటి హామిల్టన్ పల్సర్ గడియారంలో సమయం చూడాలంటే మీట నొక్కవలసి వచ్చేది. అంకెలు నిరంతరం వెలిగితే బ్యాటరీ త్వరగా ఖాళీ అయ్యేది. అవసరమైనప్పుడే మేలుకోవాలన్న సూత్రం అందులోనే ఉంది. స్విట్జర్లాండ్‌లో ఎరిక్ విట్టోజ్, జీన్ ఫెల్‌రాత్ అతిస్వల్ప విద్యుత్తుతో ట్రాన్సిస్టర్లను పనిచేయించే పద్ధతిని 1977లో వివరించారు.

3. నిద్రాస్థితి:
1976 నాటి ఆర్‌సీఏ 1802 ప్రాసెసర్‌లో గడియార స్పందనను పూర్తిగా ఆపినా, రిజిస్టర్లలోని విలువలు చెరగవు. 1990వ దశకంలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ రూపొందించిన ఎంఎస్‌పీ430 ఈ ఆలోచనను అంచెలంచెల నిద్రాస్థితులుగా విస్తరించింది. అందులో ఒక స్థితిలో ప్రాసెసర్ ఆగిపోతుంది, 32,768 హెర్ట్జ్ స్ఫటికం మాత్రం కొట్టుకుంటూ ఉంటుంది. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేస్తే సెకనుకు ఒక స్పందన మిగులుతుంది. అది చేతిగడియారపు స్ఫటికమే.

4. లెక్క:
సీఆర్2032 బిళ్ల బ్యాటరీ సామర్థ్యం సుమారు 220 మిల్లీఆంపియర్-గంటలు. 5 మిల్లీఆంపియర్లు ఎడతెగక వాడే సర్క్యూట్ దానిపై 44 గంటలే నడుస్తుంది. అదే సర్క్యూట్ పది సెకన్లకొకసారి 10 మిల్లీసెకన్లు మేలుకొని, మిగతా కాలం 2 మైక్రోఆంపియర్లతో నిద్రిస్తే, సగటు వాడకం 7 మైక్రోఆంపియర్లకు తగ్గుతుంది. లెక్క ప్రకారం ఆయుష్షు మూడున్నర ఏళ్లు దాటుతుంది. గడియార వేగాన్ని సగానికి తగ్గించడం మాత్రమే ఇంతటి ఫలితమివ్వదు. అప్పుడు పనికి పట్టే సమయం రెట్టింపవుతుంది. కనుక త్వరగా ముగించి నిద్రించడమే మేలు. వోల్టేజీని తగ్గిస్తే అదనపు లాభం ఉంటుంది. స్థితి మార్పుల వల్ల అయ్యే వ్యయం వోల్టేజీ వర్గానికి అనులోమంగా ఉంటుంది.

ముగింపు:
వేగాన్నే కొలమానంగా తీసుకుంటే సీమాస్, 1802 వెనుకబడినవిగా కనిపిస్తాయి. బ్యాటరీ ఆయుష్షును కొలమానంగా తీసుకుంటే అవే మార్గదర్శకాలు. సాంకేతిక చరిత్రలో ఎవరు ముందున్నారన్నది ఎంచుకున్న కొలమానాన్ని బట్టి మారుతుంది. యంత్రం ఎంత పనిచేసిందన్నదానితో పాటు ఎంతసేపు విశ్రమించగలిగిందన్నది కూడా ఆ చరిత్రలో చేరవలసి ఉంది.