పొలిమేర దాటించుట

ఇల్లు లేనివాని పోషణభారము ఎవరిదను ప్రశ్నకు ఇంగ్లండు దేశమున బహుకాలము వినవచ్చిన సమాధానము “ప్రక్క ఊరివారిది” అనునదియే. ఎలిజబెత్ రాణి కాలమున, 1601లో వెలువడిన శాసనము ప్రతి పారిషునకు, అనగా ఒక్కొక్క చర్చి పరిధిలోని గ్రామమునకు, తన బీదలను తానే పోషించుకొనుమని విధించి, అందులకు పన్ను వసూలుచేయ ఓవర్సీయర్లను ఏర్పరచెను. ఉద్దేశము మంచిదే, కాని “తన బీదలు” అనిన రెండు మాటలలో రెండువందలయేండ్ల వ్యాజ్యములకు చాలినంత విత్తనము దాగియుండెను.

1662 నాటి నివాస శాసనము ఆ విత్తనమును మొలకెత్తించినది. ఏటికి 10 పౌనులకు తక్కువ అద్దెగల ఇంట దిగిన క్రొత్తవాడు ముందుముందు ఊరికి భారమగునేమోయను అనుమానము కలిగినంతనే, 40 దినములలోపల ఫిర్యాదుచేసి, ఇద్దరు న్యాయాధిపతుల ఉత్తరువుతో వానిని స్వగ్రామమునకు మరలింపవచ్చును. అవివాహితకు పుట్టిన బిడ్డకు పుట్టినచోటనే నివాసహక్కు సంక్రమించుచుండుటచే, అట్టి గర్భిణిని ప్రసవమునకు మునుపే పొలిమేర దాటించుటకు ఊరి పెద్దలు త్వరపడుచుండిరి. వాస్తవముగా సహాయము కోరువరకు సామాన్యముగా ఎవ్వరిని వెడలగొట్టరాదను నియమము 1795లో గాని రాలేదు. మన సత్రములలో ఏ ఊరివాడవని అడుగరని గర్వించువారు, ఏ కులమువాడవని అడిగిన సత్రములు మనకు కొల్లలుగా నుండెనని కూడ జ్ఞప్తియందుంచుకొనుట మంచిది.

పారిషులు ఒండొంటితో చేయికలుపుటకు తొలుత కారణమైనది దయ కాదు, పొదుపు. 1696లో బ్రిస్టల్ నగరపు పారిషులు ప్రత్యేక శాసనముద్వారా ఏకమై బీదల పోషణకొక ఉమ్మడి సంస్థను నెలకొల్పినవి. 1782లో థామస్ గిల్బర్టు తెచ్చిన చట్టము గ్రామములు కూడి ఉమ్మడి శరణాలయము కట్టుకొనుటకును, అందు వృద్ధులను, రోగులను, అనాథ శిశువులను మాత్రముంచి, శక్తిగలవారికి వెలుపల పని చూపుటకును వీలొసగెను. 1834 నాటి సంస్కరణము సుమారు 15,000 పారిషులను 600 పైచిలుకు యూనియనులుగా గుదిగ్రుచ్చి, వానికి వర్కుహౌసులు, అనగా బీదలుండి పనిచేయు శరణాలయములు, కట్టించెను. అయినను ఇల్లొక్కటియే ఉమ్మడి. ఖర్చు మాత్రము ఏ పారిషు బీదలది ఆ పారిషుదే. తత్ఫలితముగా భూస్వాములు కొందరు తమ గ్రామమున కూలీల గుడిసెలను పడగొట్టించి, క్రొత్తవి లేవకుండ కాచుకొని, పన్ను తప్పించుకొనిరి; ఆ కూలీలు దూరగ్రామములలో ఇరుకిండ్లయందు తలదాచుకొని, తెల్లవారకమునుపే మైళ్లకొలది నడచివచ్చి, ఆ భూస్వాముల పొలములనే దున్నుచుండిరి. బీదలను పోషింప పుట్టిన పన్నే బీదల ఇండ్లను కూల్చినదనుట అతిశయోక్తి కాదు.

ఈ ముడి విప్పినది 1865 నాటి యూనియను బాధ్యతా శాసనము. పోషణవ్యయము పారిషునుండి యూనియనునకు మారగనే గుడిసె కూల్చుటలోని లాభము చాలవరకు క్షీణించెను. అంతకు ఒక సంవత్సరము ముందే లండనులో మరియొక మేలు జరిగెను. త్రోవరులకు రాత్రి పడక ఇచ్చు యూనియను వాకిట నగరమందలి నిరాశ్రయులెల్ల గుమిగూడుదురు; ఈయని యూనియను పన్ను మిగుల్చుకొనును; కావున తలుపు మూయుటయే వివేకమని ఎల్లరును తలచిరి. 1864 శాసనము ఆ పడకల ఖర్చును మహానగరమంతటి ఉమ్మడి నిధినుండి తిరిగి చెల్లించు నేర్పాటుచేయగా తలుపులు తెరువబడినవి. తెరచిన గదులెట్టివో 1866 జనవరిలో జేమ్సు గ్రీన్‌వుడ్ అను పత్రికారచయిత దేశదిమ్మరి వేషమున లాంబెత్ వర్కుహౌసులో ఒక రాత్రి గడపి, పాల్ మాల్ గెజెటులో వ్రాసి లోకమును నివ్వెరపరచెను. కలసి ఖర్చు భరించినవారు కలసి కాఠిన్యమును కూడ పెంచుకొనిరి: 1882 శాసనము ప్రకారము, రాత్రి చేరినవానిని మరునాడంతయు గడచి ఆ పైనాటి ఉదయము తొమ్మిది గంటలవరకు నిర్బంధించి పని చేయింపవచ్చును. పగటిపూట కూలి వెదకికొనువానికి ఇంతకంటె చేటు వేరొకటి యున్నదా?

1929 శాసనము యూనియనుల పాలకమండలులను తొలగించి వాని అధికారమును కౌంటీలకప్పగించెను. 1948లో పేదల చట్టమే రద్దయ్యెను. 1966 నవంబరులో బి.బి.సి. ప్రసారముచేసిన ‘కాథీ కమ్ హోమ్’ నాటకము, ఇల్లు కోల్పోయిన తల్లినుండి బిడ్డలను వేరుచేయు దృశ్యముతో జనులను కలచివేసెను. 1977లో స్టీఫెన్ రాస్ ప్రతిపాదించిన చట్టము కొన్ని తరగతుల నిరాశ్రయులకు నివాసము చూపుట స్థానిక సంస్థల విధియని తేల్చినది. కాని ‘స్థానిక సంబంధము’ అను నూతన నామముతో 1662 నాటి పాతప్రశ్న అందును జొరబడెను. సంబంధము లేనివానిని అదిగల కౌన్సిలునకు పంపవచ్చును.

2018 నవంబరులో గ్రేటర్ మాంచెస్టరు పది కౌన్సిళ్లు మేయరు ఆండీ బర్న్‌హామ్ నాయకత్వమున ‘ప్రతిరాత్రి ఒక పడక’ అను ఉమ్మడి పథకమారంభించినవి. బ్రిస్టల్ పారిషులకు ఇది దూరపు వంశాంకురమే. అదే సంవత్సరము ఏప్రిలులో అమలులోనికి వచ్చిన క్రొత్త చట్టము, 56 దినములలో ఇల్లు పోనున్నవానికి కౌన్సిలు ముందే సాయపడవలెనని శాసించెను. ఆ సాయమును స్థానిక సంబంధము సాకుగా వేరొక కౌన్సిలుపై నెట్టరాదు. ఇల్లు పోయిన పిమ్మట మాత్రము, ఏ ఊరివాడవను ప్రశ్న మరల అడుగవచ్చును.